ఆరో దొర బండి

ఎఫీ ఇంట్లో పొయ్యి ఆర్పడానికి దొర బంట్రోతులకు నీళ్లు దొరకలేదు. లేగదూడ కోసం ఆమె పక్కన పెట్టుకున్న పాలకుండ ఎత్తి నిప్పుల మీద గుమ్మరించారు. ఇల్లంతా మాడిన పాలకంపు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. కళ్లారా చూశాను కాబట్టే చెబుతున్నాను.

మా ఆర్డోక్ లోయలో పొయ్యి ఆరనివ్వరు. రాత్రి నిప్పు మీద బూడిద కప్పి పడుకుంటారు, పొద్దున్నే దాన్నే రాజేస్తారు. ఆరిందా, ఆ ఇంటితో రుణం తీరినట్టే. అందుకే ఇల్లు ఖాళీ చేయించేవాళ్లు సామాన్ల జోలికి పోకముందే పొయ్యి మీద పడతారు.

ఎఫీ మొగుడు టార్మోడ్ ఆ వారమే చేపలవేటకెళ్లి సముద్రంలో పోయాడు. శవం కూడా దొరకలేదు. అదే వారంలో లండన్‌లో మెత్తటి పరుపు మీద మా దొర, ఐదో లార్డు ఆర్డోక్ పోయాడు. ఇద్దరూ మనుషులే, ఇద్దరిదీ చావే. ఆ తర్వాత ఏం జరిగిందో వినండి, గ్లాస్గోలో ఓడలు కట్టే అన్నలారా, చదువుకునే తమ్ముళ్లారా.

ఐదో దొరకి పిల్లల్లేరు. వంశవృక్షం కొమ్మ కొమ్మా దులిపి, ఎక్కడో దక్షిణాన తమ్ముడి మనవణ్ణొకణ్ణి పట్టుకున్నారు. ఆర్డోక్ ఏ దిక్కున ఉందో ఆ అబ్బాయికి తెలీదు. అయినా తెల్లారేసరికి ఆరో లార్డు అయిపోయాడు. కోటా, కొండా, ఏటిలో చేపలూ, మేమూ అన్నీ ఆయనవే. టార్మోడ్ కూతురు ఆ ఇంట్లో పుట్టింది, ఆ మట్టిలో పాకింది. ఆ పిల్లకి మాత్రం ఆ ఇంటి మీద ఏ హక్కూ లేదు. ఇదీ చట్టం.

"నా మొగుడి తాత కట్టిన ఇల్లయ్యా ఇది!" అని ఎఫీ అరిచింది.

"రాళ్లు ఆయన పేర్చుండచ్చు. నేల దొరదమ్మా" అన్నాడు ఎస్టేటు దివాను పర్విస్.

అప్పుడే ముసలి లాక్లన్ ఆయాసపడుతూ వచ్చాడు. "దివాన్‌గారూ, ఇదేం అన్యాయం? మొగుడు పోయిన ఆడదాన్ని ఇంట్లోంచి కదిలించనని ఐదో దొర నాకు మాటిచ్చాడు. ఊరంతా విన్నది."

"ఇచ్చాడు. నిలబెట్టుకున్నాడు కూడా, కాదన్లేదు. ఇప్పుడాయన లేడుగా? బిరుదు వారసుడికి వస్తుంది లాక్లన్, కోట వస్తుంది, కొండ వస్తుంది. మాట రాదు. మాట ఆయనతోనే పోయింది."

ఆ మాట ఎలా వచ్చిందో మా లోయలో అందరికీ తెలుసు. కొత్త దొర మొదటిసారి వచ్చినప్పుడు వంతెన దగ్గర బండి ఆపి, గుర్రాలు విప్పేసి, తాళ్లు కట్టి మేమే కోటదాకా లాగాలి. కొండెక్కే దారిలో మధ్యన ఆగి ఊపిరి పీల్చుకునేటప్పుడు, ముందు తాడు పట్టినవాడు ఒక్క కోరిక కోరచ్చు. కొత్త దొర కాదనకూడదు. ఐదో దొర వచ్చిన రోజున ముందు తాడు పట్టింది లాక్లన్. అప్పుడు కుర్రాడు, ఎద్దులా ఉండేవాడట. తన కోసం ఏమీ అడక్కుండా ఊళ్లో విధవరాళ్ల కోసం అడిగాడు.

మర్నాడు మధ్యాహ్నం ఉప్పుచేపల కొట్టులో అందరం కూడాం. ఆదివారానికల్లా తాళ్లు సిద్ధం చేయమని దివాను కబురు పెట్టాడు.

"ఇంకేముంది, లాగుదాం" అన్నాడు లాక్లన్. "మళ్లీ నేనే ముందు తాడు పడతా. మళ్లీ అదే అడుగుతా. ఎఫీ ఇల్లు ఎఫీకొస్తుంది."

మా అన్న మర్డో గ్లాస్గోలో మీ ఓడల రేవులోనే పనిచేసి వచ్చినవాడు. నోరు ఊరుకోదు. "సిగ్గులేదా తాతా? మనం గుర్రాలమా? గుర్రానికైనా లాగాక ఇంత దాణా పెడతారు."

"నువ్వు మొన్న పుట్టినోడివి. నీకేం తెలుసురా మా మర్యాద?"

"మర్యాదా! వాడు కూర్చోవడం, నువ్వు లాగడం. ఎంత మర్యాద!"

కొట్టులో సగం మంది ఇటు, సగం మంది అటు. కొత్త దొర మంచివాడేమో అని ఒకరు. పాతాయన కంటే నయమట, చదువుకున్నాడట అని ఇంకొకరు. అదీ మా రోగం. దొర మారిన ప్రతిసారీ మా తాతలూ ఇదే అనుకున్నారు.

ఎఫీ లేచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, అయినా అందరికీ వినబడింది.

"బాబాయ్, నీ కడుపు చల్లగుండ. నువ్వు అడిగితే ఆయన ఇస్తాడు, ఇల్లు నాకొస్తుంది. ఎన్నాళ్లు? ఆయన బతికినన్నాళ్లు. ఆయన పోయాక నా కూతురు వెళ్లి ఆయన కొడుకు బండి లాగాలా? నా మనవరాలు వాడి కొడుకు బండి లాగాలా? వాళ్లకి అడక్కుండా వస్తున్నది మనకి మాత్రం తరతరానికీ అడుక్కుంటేనే ఎందుకు రావాలి? నాకు ముష్టి ఇల్లొద్దు. నా కోసమైతే ఎవరూ తాడు పట్టకండి."

లాక్లన్ టోపీ నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లం అరుచుకుని, తిట్టుకుని చివరికి ఒక మాట మీదికొచ్చాం. గుర్రాలు విప్పుదాం, తాళ్లు కడదాం, కొండదారి మధ్యదాకా లాగుదాం. అక్కడ వదిలేద్దాం. కానీ ముందు తాడు లాక్లన్‌ది. ఆయన అడిగితే, దొర సరేనంటే, ఇక వెనకున్నవాళ్లం చేయగలిగింది ఉండదు. ఆ ముసలాయన ఏం చేస్తాడో దేవుడికే తెలియాలి.

ఆదివారం వాన. తోలుతిత్తి బూర ఊదేవాడు ముందు, వెనకాల మేము. వంతెన దగ్గర బండి ఆగింది. కుర్రాళ్లు గుర్రాల్ని విప్పి ఏటి అవతలికి తోలుకుపోయారు. అంత దూరం ఎందుకో దివానుకి తట్టలేదు, దొర పక్కన దర్జాగా కూర్చున్నాడు. లాక్లన్ వచ్చి ముందు తాడు భుజానికి వేసుకున్నాడు. మా వంక చూడలేదు. లాగాం. ఆడవాళ్లం కూడా లాగాం. కొండదారి సగం ఎక్కాక ఆగి, చక్రాలకింద రాళ్లు పెట్టాం.

కొత్త దొర కిటికీలోంచి తల బయట పెట్టాడు. పాతికేళ్లు కూడా ఉండవు. పచ్చటి మొహం, మంచి నవ్వు. నాకే క్షణంపాటు మనసు కరిగింది, అబద్ధమెందుకు చెప్పాలి! ఆయనకి మా భాష రాదు. ఏదో అన్నాడు, దివాను మాకు చెప్పాడు.

"దొరగారు ఎంతో సంతోషించారు. అడుగు ముసలాయనా, ఏం కావాలి?"

మర్డో పళ్లు బిగించాడు. ఎఫీ నా చెయ్యి పట్టుకుంది.

లాక్లన్ భుజం మీంచి తాడు తీశాడు. "ఏం అక్కర్లేదు. దిగమను" అన్నాడు.

"ఏంటీ?"

"దిగి నడవమను. ఎఫీ ఇల్లు ఎఫీది, ఆమె తర్వాత కూతురిది. ఊళ్లో ప్రతి ఇల్లూ అంతే. ఇది కోరిక కాదు, చెబుతున్నాను."

తాడు బురదలో పడింది. ఆ వెనకే అన్ని తాళ్లూ పడ్డాయి. ఏమంటున్నాడు, ఏమంటున్నాడని దొర అడుగుతుంటే దివాను గుర్రాల కోసం ఏటివైపు చూశాడు. గుర్రాలు లేవు, లాగేవాడు లేడు. చాలాసేపు చూసి చూసి ఆరో లార్డు ఆర్డోక్ కొత్త బూట్లతో బురదలో దిగాడు. నడిచాడు, ఒకసారి జారాడు కూడా. ఎవ్వరం నవ్వలేదు. ఆయన కొండ మలుపు తిరిగాక మాత్రం, అమ్మో, కడుపు పట్టుకుని నవ్వాం.

"నువ్వు అడిగేస్తావనుకున్నాం తాతా" అన్నాడు మర్డో.

"అడుగుదామనే వచ్చాన్రా. ఆ మొహం చూశాను. అప్పుడు వాళ్ల పెదతాతది, ఐదో దొరది కూడా అదే నవ్వు. ఎంత పొంగిపోయానో!" అని లాక్లన్ ముక్కు చీదుకున్నాడు.

ఆ సాయంత్రమే ఇంటింటి నుంచీ నిప్పు తెచ్చి ఎఫీ పొయ్యి రాజేశాం. రెండుసార్లు బంట్రోతులొచ్చారు. గుమ్మంలో ఆడవాళ్లం నిలబడ్డాం, తెచ్చిన నీళ్లకుండలతోనే తిరిగిపోయారు. మూడోసారి దివానుతో పోలీసులొచ్చారు, ఎఫీ కోసం కాదు. దొర ప్రాణానికి ముప్పు తెచ్చాడని అరెస్టు కాగితంలో ఒకే పేరు, లాక్లన్ పేరు.

"క్షమించమని అడుగు, కాగితం చింపేస్తా" అన్నాడు పర్విస్.

"అడిగితే, ఎఫీ ఇల్లు ఎఫీకేనా?"

"అది వేరే సంగతి."

"అయితే పదండి" అని లాక్లన్ తనే బండెక్కాడు.

"పిల్లాజెల్లా లేనోడివి. నువ్వు పోతే నీ వెనక ఎవరున్నారు?" అని దివాను వెటకారమాడాడు.

వెనక మేమున్నాం. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెప్పలేదు. పోలీసుబండి కదిలింది, మేం నడిచాం. ఎఫీ కూతుర్ని చంకనేసుకుని నడిచింది. ఎక్కడికని పోలీసులు కసిరారు. జైలుకే, చోటుందో లేదో చూసుకోండి అంది ఎఫీ.

పట్నం దారి పక్క లోయలోంచి పోతుంది. అది వేరే దొరది. అక్కడి జనం గోడలెక్కి చూస్తున్నారు. బంగాళాదుంపలు తవ్వుతున్న ఒకావిడ గునపం ఆపి, ఏం జరిగిందక్కా అని అడిగింది. నడుస్తూనే చెప్పాను. కొంతదూరం మా పక్కనే వచ్చింది.

"తాడు ఎక్కడ వదిలేశారు?"

"కొండదారి మధ్యలో."

ఆవిడ గునపం దారి పక్కన పడేసింది.

"మా దొరకి డెబ్బై దాటాయి. మంచాన పడ్డాడు. కొడుకు లండన్‌లో ఉంటాడట" అంది. వెనక్కి తిరిగి తన వాళ్లని కేకేసింది. చేతి మట్టి గౌనుకి తుడుచుకుని మాతో నడిచింది.