గురువారం వంతు

బాగేపల్లిలో ఆ వీధి చివర పార్కుకని వదిలిన జాగాలో ఏళ్ళ తరబడి ముళ్ళకంపే పెరిగింది. 2005 వానలకు ముందు వీధివాళ్ళంతా కలిసి కంప నరికి, రాళ్ళేరి, కంచె కట్టారు. నీళ్ళు పెట్టడానికి ఇంటికొక రోజు వంతు. బుధవారం సహన వాళ్ళది, గురువారం పక్కింటి హనుమక్కది.

హనుమక్క మిట్టేమరిలో నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి. పొలం కౌలుకిచ్చి ఈ మధ్యే కొడుకింటికి వచ్చింది. మన్ను ముట్టుకోకపోతే ఆమెకు పొద్దుపోదు. గురువారం వచ్చిందంటే తెల్లవారగానే పార భుజాన వేసుకుని బయలుదేరేది.

ఒక మంగళవారం, పార్కు పనులు చూసే బడిపంతులు మునిశామప్ప మేష్ట్రు చిక్కబళ్ళాపురం నర్సరీ నుంచి పచ్చిక తెచ్చి పార్కంతా నాటించాడు. మరునాటి సాయంత్రం, తన వంతు నీళ్ళు పెడుతున్న సహనను పిలిచాడు.

"పాపా, రేపు హనుమక్క వస్తాది. గడ్డి ముట్టొద్దు, నీళ్ళు చల్లితే చాలని చెప్పు."

సహనకు నలుగురిలో నోరు విప్పాలంటే బెరుకు. హనుమక్క వాకిలి దాకా వెళ్ళింది. లోపల చుట్టాల మాటలు వినిపించాయి. పొద్దున చెబుదాంలే అని వెనక్కి తిరిగింది.

పొద్దున తను లేచేసరికే పార్కు విత్తనానికి సిద్ధం చేసిన మడిలా ఉంది. కంచె బయట కుప్పపోసిన గడ్డిని అదే వీధిలో ఉండే దేవరాజ్ ఆవు తీరిగ్గా నములుతోంది. వీధంతా పోగయింది.

"ఎవురు చేసిండేది ఇది?" అని కేకేశాడు మేష్ట్రు.

"నేనేనప్పా," అంది హనుమక్క చెమట తుడుచుకుంటూ. "ఇంత గరిక పెట్టుకోని నీళ్ళు పోస్తాండారే, చూసినోళ్ళు నవ్వరా?"

"అది నాటిండేదమ్మా! దుడ్డు పెట్టి తెచ్చిండేది!"

"మా ఆవుకైతే మేష్ట్రు ఏం తక్కువ చేయలేదు," అన్నాడు దేవరాజ్. అందరూ గొల్లుమన్నారు.

హనుమక్క ముఖం చిన్నబోయింది. పార తీసుకుంది. "తెలీని పనికి నేనెందుకులేప్పా. నా వంతు ఇంకెవురికన్నా ఇచ్చేయండి."

ఆమె కంచె దాటబోతోంది. ఇప్పుడు తను ఊరుకుంటే ఆ ముసలామె మళ్ళీ ఈ మన్ను తొక్కదు.

"మేష్ట్రే, తప్పు నాది!" అని సహన గట్టిగా అంది. " మీరు చెప్పమన్నారు, నేనే చెప్పలేదు. అవ్వకు తెలీదు."



"ఈ పాపకు నోరుండాదా!" అంది ఎదురింటి ప్రేమ.

 మేష్ట్రు హనుమక్క దగ్గరికి నడిచాడు. "అమ్మా, నవ్వినందుకు ఏమనుకోవద్దు. ఇప్పుడేం చేద్దాం, నువ్వే చెప్పు."

హనుమక్క అతని వంకా, సహన వంకా చూసింది.

"గరికకు చావు యాడుండాదప్పా? ముందు ఆ ఆవును కట్టేయండి. మిగిలిన తీగలు తుంచి మడమతో తొక్కుకుంటా పోతే, రెండు వానలకు లేస్తాది."

మధ్యాహ్నం దాకా అందరూ వంగి తీగలు నాటారు. హనుమక్క ముందు, ఆమె వెనకే సహన. వరస చివర ముసలామె నడుము పట్టుకుని పకపకా నవ్వింది.

"కూతురా, గరిక పీకే చేత్తో గరిక నాటినానని మా మిట్టేమరిలో మాత్రం ఎవురికీ చెప్పొద్దు!"