ఊరికిచ్చేసిన పేరు

దిర్రమల్ ట్రాక్టరుతో ఊరి బోర్డు చుట్టూ మళ్లీ ఒక చుట్టు తిరిగాడు. అక్కడ కోయడానికి గడ్డి ఎప్పుడో అయిపోయింది. అయినా కొత్త బోర్డు మీద తన పేరు చూసుకోవడం ఆయనకు తనివి తీరడం లేదు.

నిజానికి ఆ పేరు ఆయన ముత్తాతది. కార్చిచ్చు ఊరిని చుట్టుముట్టినప్పుడు ఆదివాసులైన తనవాళ్లనీ తెల్లవాళ్లనీ కలిపి మడుగు బురదలో మెడదాకా కూర్చోబెట్టి బతికించిన మనిషి. లేవబోయిన పోలీసు సార్జెంటును నెత్తిన చెయ్యిపెట్టి మళ్లీ ముంచాడట. ఊరికి ఆ పేరు రావడానికి మూడు తరాలు పట్టింది. ఈ దిర్రమల్ మాత్రం పుట్టి బుద్ధెరిగాక రోడ్ల పక్కన గడ్డి కోయడం తప్ప ఇంకేమీ చేసినవాడు కాదు.

చెల్లెలు మర్టిల్ కాల్చిన రొట్టె, కంగారూ తోక పులుసు తెచ్చి ట్రాక్టరు నీడలో కూలబడింది.

"మొహం పాలిపోయింది అన్నయ్యా. డాక్టరు దగ్గరికి పోదాం పద."

"గడ్డి పని అయ్యాక చూద్దాంలే."

"నీకేం, హాయిగా పోతావు. పోయినవాళ్ల పేరు మనవాళ్లం ఏడాదిదాకా నోట అనకూడదాయె. మీది ఏ ఊరని ఎవరన్నా అడిగితే నేనేం చెప్పను? కొట్లాడి తెచ్చుకున్న పేరు నీ మూలాన మూగబోతుంది."

ఆయన బెంగా అదే. ముత్తాత పేరు తనతోపాటు మూలపడుతుందేమోనని చాలా రోజులుగా మథనపడుతున్నాడు.

"అందుకే ఆ పేరు ఊరికిచ్చేశా. ఇవాళ్టి నుంచి నన్నలా పిలవకండి."

"మరేమనాలి? ముసలి ఈమూ అననా?"

"పలుకుతా."

అన్నంత పనీ చేశాడు. పాల లారీ డ్రైవరు "దిర్రమల్" అని కేకేస్తే, బోర్డు వైపు చూపించి, "వచ్చేశావుగా, దిగు" అన్నాడు.

ఆ తర్వాత టీ తాగుదామని ట్రాక్టరు ఆపినవాడు మళ్లీ కదిలించలేదు. మర్టిల్ వెళ్లి భుజం తట్టి చూసింది. అంబులెన్సుకు ఫోన్ చేసింది.

"ఏ ఊరమ్మా?" అంది అవతలి గొంతు.

ఊరికిచ్చేశానని ఆయన అన్నాడు నిజమే, కానీ ఆ పేరు పలకడానికి ఆమెకు నోరు రాలేదు.

"వంతెన దాటాక, మడుగు పక్కన. పోలీసును బురదలో ముంచినాయన ఊరు."

"దిర్రమలా?"

"నువ్వన్నావు. నేననలేదు."

తాము అనకపోయినా అనేవాళ్లున్నారు. అది తెలిశాకే మర్టిల్‌కు ఏడుపు వచ్చింది.

ట్రాక్టరు సీటు పక్కన, ఫ్లాస్కు మూతలో, ఆయన పోసుకుని తాగని టీ మీద సన్నగా మీగడ కట్టింది.