పన్నెండు బకెట్ల నీడ

మగేజి పొద్దున్నే లేచి ముఖం కూడా కడక్కుండా చేసే మొదటి పని పెరట్లో బకెట్ల ముందు గొంతుక్కూచోవడం. ఖాళీ పెయింటు బకెట్లు, నల్లవి, పన్నెండు. ఒక్కో దాంట్లో ఒక్కో గంజాయి మొక్క. సొంతానికి ఇంట్లో పెంచుకోవచ్చని కోర్టు చెప్పిన దగ్గర్నుంచీ దక్షిణాఫ్రికాలోని గియాని చుట్టుపక్కల మగవాళ్లకి గొప్పలు పోవడానికి కొత్త సంగతి ఒకటి దొరికింది. ఎవరి మొక్క ఎంత గుబురుగా ఉందన్నదే బీరు కొట్టు దగ్గర ముచ్చట. ఆ ముచ్చట మొదలైతే చాలు, మగేజి గ్లాసులోకి చూస్తూ కూచునేవాడు.

అతని మొక్కలు అక్టోబరు ఎండకి రోజురోజుకీ పాడవుతున్నాయి. కింది ఆకులు పసుపెక్కితే ఎరువు చాలలేదన్నాడు. ఎరువు వేశాక ఆకుల కొసలు మాడితే నీళ్లు చాలలేదన్నాడు. నీళ్లు పోశాక ఆకులు వేలాడితే, ఇంకా చాలలేదన్నాడు. నీళ్లు మోసేది అతను కాదు గనక ఎన్నయినా చాలవు. కుళాయి పదిహేను రోజులకోసారి వస్తే గొప్ప. మిగతా రోజుల్లో అతని పెళ్లాం బసాని ఒంటిచక్రం బండి మీద పీపాలు పెట్టుకుని బోరింగు దాకా పోయి వచ్చేది.

బసాని పెళ్లికి ముందు ఆరేళ్లు టమాటా నర్సరీలో పనిచేసింది. ఆకుని పైనుంచి చూసి జబ్బు చెప్పకూడదని అక్కడ నేర్పారు. ముందు ఆకు తిప్పి అడుగున పురుగుందేమో చూడాలి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చాలి. కుండీ ఎత్తి బరువు చూడాలి. ఆఖర్న కుండీ పక్కన అరచెయ్యి ఆనించాలి. మగేజి లేనప్పుడు ఆమె అన్నీ చేసింది. పురుగు లేదు. మట్టి బురదగా ఉంది. బకెట్టు ఎత్తలేనంత బరువుంది. అరచెయ్యి మాత్రం ఆనించిన మరుక్షణం తీసెయ్యాల్సి వచ్చింది. నల్ల బకెట్టు ఎండకి కాగి లోపల వేళ్లు ఉడుకుతున్నాయి. ఉడికిన వేళ్లు నీళ్లు తాగవు. తాగని నీళ్లు అక్కడే నిలిచి వాటిని కుళ్లబెడతాయి. పైన ఆకు మాత్రం దాహం వేసినట్టే వేలాడుతుంది.

ఆ సాయంత్రం మగేజి స్నేహితులిద్దరు వచ్చి ఉండగా ఆమె చెప్పింది.

"ఇంక నీళ్లు పొయ్యకండి. వేళ్లు ఉడికిపోతున్నాయి. బకెట్లకి తెల్లగా సున్నం పూస్తే చాలు. కావాలంటే చెయ్యి పెట్టి చూడండి."

మగేజి చెయ్యి పెట్టలేదు. స్నేహితుల వైపు తిరిగాడు. "విన్నార్రా? టమాటా డాక్టరమ్మ చెబుతోంది. రేపు పొయ్యి మీది సంకటి కుండకీ సున్నం కొట్టమంటుంది."

ఆ మాట ఆ రాత్రే బీరు కొట్టుకి చేరింది. మర్నాటినుంచి బోరింగు దగ్గర ఆడవాళ్లు కూడా, డాక్టరమ్మా నా మోకాలు చూడవూ, డాక్టరమ్మా మా మేక ఈనదేం, అని వారం రోజులు ఏడిపించారు. బసాని నవ్వి ఊరుకుంది గానీ లోపల గట్టిగా అనుకుంది. వాడంతట వాడు అడిగితే తప్ప ఆ ఆకుల గురించి నా నోట మాట రాదు అని.

ఇంతలో మగేజి మేనమామ ఫమండా వచ్చాడు. గాలికి ఇంటి రేకులు లేచిపోతే, కొత్తవి వేసేదాకా మేనల్లుడింట్లో ఉందామని వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. ఆయన తల మీద ఏమీ లేకపోతే చుట్టూ నాలుగు బారల మేర నీడ పడేది, మబ్బు పట్టినట్టు చల్లగా. టోపీ పెట్టుకుంటే పోయేది. ఆయన నెత్తిన మాత్రం ఎప్పుడూ ఎండే. పుట్టినప్పట్నుంచీ అంతే, కొందరికి ఎడంచేతి వాటం ఉన్నట్టు. పెళ్లిళ్లలో వంటవాళ్లు ఆయన్ని పిలిచి కాసేపు టోపీ తీయించుకుని, ఆ తర్వాత ఓ చెంబుడు బీరు ఇచ్చేవాళ్లు.

అక్కడి వాళ్లలో మేనమామ దగ్గర మేనల్లుడికి అడ్డు లేదు. మామ కంచంలో ముద్ద తీసుకోవచ్చు, ఒంటి మీది కోటు లాక్కోవచ్చు. మామ నవ్వాలి తప్ప కోప్పడకూడదు. మగేజి గేటు దగ్గరే ఆయన టోపీ లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. ఫమండా నవ్వాడు, బసాని నవ్వింది, గోడవతల పక్కింటి న్వా-చౌకె కూడా నవ్వింది. నీడ వచ్చి ఇసుక మీద పరుచుకుంది. కోళ్లు పరుగెత్తుకొచ్చి అందులో కూలబడ్డాయి. దాని అంచు రెండు బకెట్ల మీద పడింది. మగేజి ఆ రెండు బకెట్లనీ చూసి నవ్వడం మానేశాడు.

మర్నాడు పది గంటలకి బకెట్ల మధ్య ఓ బీరుసీసాల పెట్టె బోర్లించి, "మామా, ఇలా కూచో" అన్నాడు. నాలుగయ్యేదాకా లేవనివ్వలేదు. ఆ మర్నాడూ అంతే. టోపీ మళ్లీ ఇవ్వలేదు.

వారం తిరిగేసరికి బకెట్లు చల్లబడి, మొక్కలు కొత్త ఆకులు వేశాయి. మగేజి స్నేహితుల్ని పిలుచుకొచ్చాడు. "జబ్బేంటో కనిపెట్టానురా. ఎండ. నేను గనక పట్టాను."

వాళ్లు మొక్కల్ని మెచ్చుకున్నారు. మధ్యలో కూచున్న పెద్దాయనకి దణ్ణం పెట్టి, వచ్చినందుకు ఆ నీడలోనే నించుని బీరు తాగి వెళ్లారు.

మొదటి వారం ఫమండా పెదవుల అంచులు ఎండాయి. రెండో వారం చెవుల కొసలు మాడి పొట్టు లేచింది. మూడో వారానికి మధ్యాహ్నం అయ్యేసరికి మెడ వేలాడేది. మగేజి ఆయన్నీ పైనుంచే చూసి జబ్బు చెప్పాడు.

"తిండి ఎక్కువై తూగుతున్నాడు. పగలు సంకటి పెట్టకు."

బసాని దొంగచాటుగా పెట్టేది. ఒకరోజు సంకటీ ఆకుకూరా తీసుకెళ్లి, ఆయన నడినెత్తిన అరచెయ్యి ఆనించింది. బకెట్టు మీద ఆనించినప్పుడు ఎలా తీసేసిందో అలాగే తీసేసింది.

"టోపీ అడగరాదూ, పెద్దయ్యా?"

"మేనల్లుడు తీసుకున్నది తిరిగి అడుగుతారా తల్లీ? మా అక్క నవ్విపోతుంది."

"అత్తగారు పోయి పదేళ్లయింది."

"అయితే పక్కన కూచోబెట్టుకుని మరీ నవ్వుతుంది, నేను పోయాక." ఫమండా ముద్ద మింగడానికి చాలాసేపు పట్టింది. "నువ్వు నర్సరీలో చేశావటగా. వీటికి అసలు జబ్బేంటి?"

ఆమె చెప్పింది. ఆయన చేతిలో ముద్ద పట్టుకుని విన్నాడు.

"అంటే సున్నం పూస్తే నేను లేవొచ్చన్నమాట."

"ఊ."

"సున్నముందా?"

"గోడకి వెయ్యగా అరబస్తా మిగిలింది."

"వాడికి చెప్పావా?"

"ఒకసారి చెప్పాను. ఊరంతా నవ్వించాడు. ఇంక అడిగితేనే చెబుతా."

"వాడు అడగడు తల్లీ. వాడికి తీసుకోవడమే వచ్చు." ఫమండా నవ్వబోతే పెదవి చిట్లి నెత్తురొచ్చింది. బసాని తన కొంగుగుడ్డతో తుడిచింది.

ఆ క్షణంలో లేచి సున్నం కలుపుకుంటే గంట పని. ఆమె లేవలేదు. రెండు మూడు రోజుల్లో వానలంటున్నారు, అప్పటిదాకా ఓర్చుకుంటాడులే అనుకుంది. కానీ అసలు సంగతి అది కాదు. తను సున్నం పూస్తే మొక్కలు బాగుంటాయి, ఆ పేరు కూడా మగేజి కొట్టేస్తాడు. అదొక్కటి ఆమెకి మింగుడుపడలేదు. ఒక ముసలాయన నెత్తికంటే ఆ పంతమే ఆమెకి బరువైంది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం మగేజి ఫ్యాను కింద పడుకుని కిటికీలోంచి చూశాడు. ఆకుల అంచులు పైకి ముడుచుకుంటున్నాయి. బకెట్ల మీద నీడ లేదు. అతను గుమ్మంలోకి వచ్చి కేకేశాడు.

"మామా, నెత్తిన ఏం కప్పుకున్నావ్?"

నెత్తిన ఏమీ లేదు. ఫమండా గడ్డం రొమ్ముకి ఆనించుకుని కూచునే ఉన్నాడు. మగేజి వెళ్లి ఆయన గడ్డం ఎత్తి చూసి వదిలేశాడు. తర్వాత చేసిన మొదటి పని, దగ్గరున్న రెండు బకెట్లని గోడ నీడకి లాగడం. నీళ్ల బండితో అప్పుడే గేట్లోకి వచ్చిన బసాని అది కళ్లారా చూసింది. మొగుడి మేనమామ కోసం ఇంత ఏడుపేమిటని ఊళ్లో అనుకునేటంత ఏడ్చింది. ఎవరికోసం ఏడుస్తోందో, దేనికి ఏడుస్తోందో ఎవరికీ చెప్పలేదు.

అంత్యక్రియల్లో మేనల్లుడి హక్కు ప్రకారం మగేజి మొదటి మాంసం ముక్క లాక్కుని తిన్నాడు. మామ కోటు కూడా తీసుకున్నాడు. వానలు రాలేదు.

ఐదో రోజు బసాని తలంటుకోవడానికి పెరట్లో తొట్టి దగ్గర తలగుడ్డ విప్పింది. కాళ్ల కింద ఇసుక చల్లబడింది. కోళ్లు వచ్చి ఆమె చుట్టూ చేరాయి. గోడ మీదుగా చూసిన న్వా-చౌకె, "పెద్దాయనది నీకొచ్చిందే" అని, "నేను కూరకి పురుగులు ఎండబోసినప్పుడు మాత్రం ఇటు రాకమ్మా" అంది.

మగేజి గుమ్మంలోంచి చూశాడు. ఒకసారి అన్నదమ్ముల ముందు ఆమె తలగుడ్డ జారితే, పరువు తీశావని రెండు రోజులు మాట్లాడని మనిషి. ఇప్పుడు, "ఆ గుడ్డ కట్టకు. ఇలా వచ్చి కూచో" అన్నాడు.

వెళ్లి కూచుంది. ఎందుకు కూచుందని న్వా-చౌకె తర్వాత చాలామందిని అడిగింది గానీ బసానిని అడగలేదు. తనకిది రావాల్సిందే అనిపించి కూచుంది. మొదటి గంట మాడు మండుతుంది. రెండో గంటకి కళ్ల ముందు ఇసుక కదులుతుంది. మూడో గంటకి పక్కన ఎవరైనా ఓ మాట మాట్లాడితే బాగుండునని తప్ప ఇంకేమీ తోచదు. ఆయన దగ్గర తను రోజుకి ఎంతసేపు కూచుందో లెక్కేసుకుంటే, సంకటి పెట్టినంతసేపు కూడా లేదు.

మూడో రోజు ఆమె పంతం విడిచింది.

"సున్నం ఉంది. బకెట్లకి పూసేస్తాను. నిజంగా ఇంక వీటికి నీడ అక్కర్లేదు. గంట పని."

మగేజి ఆకు ఒకటి అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. "ఇప్పుడెందుకు సున్నం? నువ్వున్నావుగా."

ఆ మాటలో కోపం కూడా లేదు. బసాని లేచి లోపలికెళ్లి చేతిసంచీలో గుర్తింపు కార్డూ రెండు బట్టలూ పెట్టుకుంది. తలగుడ్డ తీసుకుని వెనక రెండు ముళ్లు వేసి గట్టిగా కట్టుకుంది. బయటికొచ్చేసరికి పెరడంతా తెల్లగా ఎండ.

"ఎక్కడికి?" అన్నాడు మగేజి.

ఆమె గేటు వైపు నడిచింది. అతను వెంటపడబోయి ఆగి మొక్కల్ని చూశాడు. లేత ఆకుల అంచులు అప్పుడే లేస్తున్నాయి. గొంతు మారింది.

"పోయేదానివి పో. వీటికేమవుతోందో చెప్పి పో. నర్సరీలో చేశావుగా, నీకు తెలుస్తుంది."

అతను ఆమె సలహా అడగడం అదే మొదలు. బసాని వెనక్కి వచ్చింది. సంచీ కింద పెట్టి, నేర్పినట్టే చూసింది. ఆకు తిప్పింది. మట్టిలో రెండు కణుపుల లోతు వేలు గుచ్చింది. బకెట్టు ఎత్తబోయి బరువు చూసింది. చివరికి నల్లటి పక్కకి అరచెయ్యి ఆనించింది. కాలుతున్నా ఈసారి వెంటనే తీయలేదు.

"నీళ్లు చాలడం లేదు" అంది. "ఇంకా పొయ్యి."

"ఎన్ని?"

"పొర్లిపోయేదాకా. పూటపూటా."

మగేజి చెంబు తీసుకుని పీపా దగ్గరికి వెళ్లాడు. బసాని గేటు వేసి, టాక్సీలు ఆగే రోడ్డు వైపు నడిచింది.