ముందు నిలబడే మనిషి

కుడి కన్ను అరచేత్తో మూసుకుని, మిరాసిహ్ ఎడమ కంటితో కిటికీ ఊచలు లెక్కపెట్టింది. పై సగంలో ఏడూ కనిపిస్తున్నాయి. కింద సగంలో రెండు మసకలో కలిసిపోయాయి. నిన్నా రెండే. హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే జాలేసింది.

బయట మసీదులో తొలి నమాజు అయిపోయింది. పక్క మంచం మీద కినాంతి ముసుగుతన్ని పడుకునే ఉంది. ఇరవై ఏళ్ల పిల్ల, దానికి ఒళ్లంటే ఇంకా లెక్కలేదు. మిరాసిహ్‌కి ఇరవై తొమ్మిది. మోకాలికి పట్టీ, చీలమండకి పట్టీ, బొటనవేలికి తెల్ల టేపు, ఇవన్నీ అయితే గానీ నేల మీద కాలు పెట్టదు. పదకొండో ఏట సొంతూరు తెగల్ నుంచి క్లబ్బు హాస్టల్‌కి వచ్చింది. అక్కణ్ణించి జకార్తాలో ఈ జాతీయ బాడ్మింటన్ శిబిరానికి. ఇంకో బతుకు ఆమెకు తెలీదు.

ఆమెది మిక్స్‌డ్ డబుల్స్. అందులో ఆడపిల్ల నెట్ దగ్గర వంగి నిలబడాలి. వెనక మగవాడు ఎగిరి కొడతాడు, షటిల్ ఆమె చెవి పక్కనుంచి దూసుకుపోతుంది. ఆమె వెనక్కి తిరగకూడదు, అంతే. తొమ్మిదేళ్లలో నలుగురు జోడీలు మారారు. ఒకడు పెళ్లి చేసుకుని మానేశాడు, ఒకడికి మోకాలు పోయింది, మూడోవాణ్ణి కోచ్ ఇంకో అమ్మాయికి ఇచ్చాడు. పేపర్లో ఎప్పుడు ఫోటో పడినా గాల్లో మగవాడు, కింద వంగి ఈమె. తెగల్‌లో వాళ్లమ్మ అవన్నీ దాచిపెట్టి, "ఎప్పుడు చూసినా వంగే ఉంటావేమే, నడుం నొప్పెట్టదా?" అంటుంది.

మార్చిలో ఒక్కసారి తిరిగింది. ఎందుకు తిరిగిందో ఈనాటికీ ఆమెకే తెలీదు. వెనక నాలుగో జోడీ బింతోరో కొట్టిన షటిల్ తిన్నగా ఎడమ కంట్లో దిగింది. శిబిరంలో అందరితో, కన్ను ఎర్రబడింది, తగ్గిపోయిందని చెప్పింది. సెలవులో తెగల్ వెళ్లి, ఎవరికీ తెలీకుండా చూపించుకుంది. "లోపలి పొర చిరిగిందమ్మా, అతికించాను. ఇంకో దెబ్బ తగిలిందా, ఈ కన్నుని నేనూ కాపాడలేను, దేవుడూ కాపాడలేడు" అన్నాడు డాక్టరు. అది మొదలు, వెనక బూట్లు నేలమీద కీచుమంటే చాలు, ఆమె మెడ దానంతట అదే తిరగబోతుంది. కోచ్ లియెమ్ అరుస్తాడు. "మెడ! వెనకేముంది, నీ పెళ్లికొడుకా?" అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది.

ఇవాళ శిబిరంలో ఎంపిక పోటీ ఉంది. యూరప్ టోర్నీలకి ఒక్క జంటే వెళుతుంది. ఓడితే జోడీని విడదీస్తారు. ఇరవై తొమ్మిదేళ్లదానికి ఐదో జోడీని ఎవరిస్తారు? పెట్టె సర్దుకోమంటారు.

ఫలహారాల దగ్గర, గంజిలో కోడిమాంసం తుంచి వేసుకుంటూ బింతోరో ఎదురుగా కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి, ఆమెకన్నా ఐదేళ్లు చిన్న.

"అక్కా, ఇవాళ తప్పు చేస్తే మీ తెగల్ యాసలో తిట్టు. జకార్తా తిట్లు నాకు ఎక్కవు."

"నీకు ఏ ఊరి తిట్లూ ఎక్కవు. తిను."

నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపింది. గ్లాసు ఆమె అనుకున్నచోట లేదు. బింతోరో చూడనట్టే దాన్ని ఆమె చేతికి దగ్గరగా జరిపాడు.

హాల్లో పోటీకి ముందు ఒళ్లు వేడెక్కడానికి అందరూ కాసేపు షటిల్ కొట్టారు. ఆమె గోడవైపు తిరిగి బూటు లేసులు కట్టుకుంటుంటే, కోచ్ కినాంతిని ముందు నిలబెట్టాడు. వెనకనుంచి బింతోరో కొట్టిన దెబ్బ విని మిరాసిహ్ ఉలిక్కిపడింది. టపాకాయ పేలినట్టుంది. ఆ చప్పుడు విని ఎన్నాళ్లయింది! తను ముందు ఉన్నప్పుడు అలా ఎందుకు పేలదు?

పోటీ మొదలైంది. ఆమె వంగింది. వెనక బూట్లు కీచుమన్నాయి. ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించింది. దెబ్బ మెత్తగా, దూరంగా, పక్క గీత మీదుగా పోయింది. అవతలివాళ్లు తేలిగ్గా తిప్పికొట్టారు. మళ్లీ అంతే. మళ్లీ అంతే. విరామానికి ఆరు పదకొండుతో వెనకబడ్డారు.

"ఎందుకు గట్టిగా కొట్టట్లేదు?"

"భుజం నొప్పి అక్కా."

"కినాంతి ఉంటే లేని నొప్పి నేనుంటే వచ్చిందా? నిజం చెప్పు."

బింతోరో తువ్వాల్లో మొహం దాచుకున్నాడు. "కొట్టబోతే నీ తల కనిపిస్తుంది. తిరుగుతావేమోనని చెయ్యి రాదు. ఎనిమిది నెలలుగా గ్లాసు కోసం తడుముకుంటున్నావు, మెట్లు కాలితో వెతుక్కుంటున్నావు. నేనేమన్నా గుడ్డివాణ్ణా?"

అని నాలిక కరుచుకున్నాడు.

మిరాసిహ్ ఇన్నాళ్లూ భయం తన ఒక్కదానిదే అనుకుంది. పిచ్చిమొహం! వెనక నిలబడ్డవాడు ఇంకా ఎక్కువ భయపడుతున్నాడు.

"కొట్టు" అంది. "తిరగను. అమ్మ మీద ఒట్టు."

తిరగలేదు. పళ్లు బిగించి, ఎదుటివాళ్ల మోకాళ్ల మీదే చూపు పెట్టి నిలబడింది. మొదటి దెబ్బ చెవి పక్క వెంట్రుకల్ని కదిలించుకుంటూ పోయింది. రెండోది పేలింది. మూడోది పేలింది. ప్రతిసారీ ఇదే ఆఖరిది, ఇప్పుడు కన్ను పోతుంది అనుకుంది. పోలేదు. మొదటి ఆట ఇరవై ఒకటి పంతొమ్మిది. ఆ తర్వాతి ఆట కూడా గెలిచారు.

"మెడ బాగైందే!" అని కోచ్ చప్పట్లు కొట్టాడు.

భయం మాత్రం పోలేదు. ఇది పోయే భయం కాదని ఆమెకు అర్థమైంది. వెనక్కి తిరిగి చూసింది. ఇక చూడొచ్చు కదా. బింతోరో నేలమీద చతికిలబడి ఉన్నాడు. రాకెట్ ఒళ్లో ఉంది. రెండు చేతులూ వణుకుతున్నాయి, ఎంత నొక్కిపెట్టుకున్నా ఆగట్లేదు. గెలిచిన మనిషి చేతుల్లా లేవు. తన కన్ను తీసుకెళ్లి అతని చేతుల్లో పెట్టి, కొట్టు కొట్టు అంది తను. ఇంకెన్నాళ్లు?

అందరూ కోహ్, అంటే అన్నా, అని పిలిచే కోచ్ దగ్గరికి నడిచింది. "కోహ్, యూరప్‌కి కినాంతి పేరు రాయండి."

"గెలిచింది నువ్వమ్మా. ఏంటి, పెళ్లి కుదిరిందా?"

"లేదు. కన్ను." ఆ మాట శిబిరంలో పైకి అనడం అదే మొదటిసారి. "మార్చి నుంచీ."

లియెమ్ ఆమె ఎడమ కంట్లోకి చూశాడు. "నేను ఇన్నాళ్లూ మెడ, మెడ అని అరిచాను" అన్నాడు. ఈల మెడలోంచి తీసి జేబులో పెట్టుకుని, కుర్చీలో కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు మిరాసిహ్ పెట్టె సర్దుకుంది. బింతోరోకి చెప్పలేదు. చెబితే స్టేషన్‌దాకా వస్తానంటాడు, ప్లాట్‌ఫారం మీద ఏడుస్తాడు, ఆమెకీ ఏడుపొస్తుంది. తెగల్ రైలు రెండున్నరకి. గుమ్మం దాకా వెళ్లినదల్లా ఆగి, పెట్టె మళ్లీ తెరిచి, అడుగునున్నది తీసి కినాంతి దిండు మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసింది.

కంటికి దెబ్బ తగలకుండా ఏప్రిల్‌లో కొని, పెట్టుకుంటే అందరికీ తెలిసిపోతుందని ఒక్కరోజూ పెట్టుకోని ఆటకళ్లజోడు అది. అద్దాల మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా తీయలేదు.