అల్లుడుగారి గొంతు

మెరక మీద ఉన్న కరెంటు కేంద్రాన్ని ఆ ఊళ్ళో అందరూ అల్లుడుగారు అంటారు. ఆ పేరు పెట్టింది అక్కడ పనిచేసే ఆపరేటరమ్మాయి అత్తగారే. "ఏడాది పొడుగునా మేపడం, తుడవడం, ఒళ్ళు చల్లబడకుండా చూడటం! పూచికపుల్ల మాత్రం ఎత్తడు. ఇల్లరికం అల్లుడు నయం కదే!" అని ఆవిడ అన్నమాట ఊరంతా పాకింది.

అందులో అబద్ధమేమీ లేదు. దేశంలో కరెంటు మొత్తం పడిపోయిన రోజున లేవడానికే ఆ ఇంజన్ని అక్కడ పెట్టారు. ఆ రోజు ఎన్నడూ రాలేదు. అయినా దాని పెద్ద చక్రాన్ని రోజూ పొడుగాటి ఇనపకడ్డీతో కాస్త తిప్పాలి. ఒకే తీరున పడివుంటే లోపల పాడవుతుంది. మంచం పట్టిన అత్తగారినీ కోడలు అలాగే పక్క మారుస్తుంది. "రెండుచోట్లా నీకిదే ఉద్యోగమా!" అని ఆవిడ ముక్కున ఆక్సిజన్ గొట్టంతోనే నవ్వేది.

ఆ రోజు పై అధికారులు వస్తున్నారని కబురొచ్చింది. హాలంతా దుమ్ము. ఫిట్టరు బాబాయ్ తల గోక్కుంటూ, "సిలిండర్లో గాలుందిగా అమ్మాయ్. ఓసారి ఊదేస్తే అద్దంలా అయిపోతుంది" అన్నాడు.

అది ఇంజన్ని లేపడానికి దాచివుంచిన గాలి. ఆపరేటరు కాస్త తటపటాయించి, "మోటారేస్తే మళ్ళీ నిండుతుందిలే, కానివ్వు" అంది.

ఊదడం అయ్యేసరికి అధికారులు అనుకున్నదానికంటే ముందే దిగారు. మోటారు గోల వాళ్ళకెందుకని వీళ్ళిద్దరూ ఆగారు. పొద్దుగూకే వేళకి వాళ్ళ కారు గేటు దాటింది. ఆమె మోటారు స్విచ్చి మీద చెయ్యి వేసేలోపే దీపాలన్నీ ఆరిపోయాయి. కిటికీలోంచి చూస్తే కింద ఊరు కనబడలేదు.

ఫోను మోగింది. కంట్రోలు సెంటరు వాళ్ళు. "దేశమంతా పడిపోయిందమ్మా. పెద్ద కేంద్రాలు లేవాలన్నా ముందు వాటికి కరెంటు కావాలి. అది మీరే పంపాలి."

ఆమె టార్చి వేసి సిలిండరు మీద గాలి ఎంతుందో చూపే ముల్లు చూసింది. ఒక్క ప్రయత్నానికైనా సరిపోతుందో లేదో. గాలి నింపాలంటే కరెంటు కావాలి, కరెంటు రావాలంటే ఇంజను లేవాలి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇంటిదగ్గర అత్తగారి ఆక్సిజన్ మిషను ఈపాటికి బ్యాటరీ మీద నడుస్తుంటుంది. ఆ బ్యాటరీ ఎంతోసేపు రాదు.

"నావల్లే బాబాయ్..."

"నీవల్లా నావల్లా అని తర్వాత కొట్టుకుందాం. ముందు కడ్డీ పట్టు!"

చక్రం సరైన చోట నిలిస్తే తక్కువ గాలికైనా కదలొచ్చు. ఇద్దరూ కడ్డీకి వేలాడి, చక్రం మీది తెల్లగీత పైకి వచ్చేదాకా తిప్పారు. కడ్డీ లాగేసి ఆమె గాలి వదిలింది.

బుస్సుమంది. చక్రం మూలిగింది, కదిలింది, ఒక చుట్టు తిరిగి నెమ్మదించింది. ముల్లు సున్నా మీద పడింది.

"లే నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా!" అని బాబాయ్ అరిచాడు.

లోపలెక్కడో ఒక్క దెబ్బ. ఇంకొకటి. తర్వాత నేల వణికింది, గోడలు వణికాయి. నెలనెలా పరీక్షకి తిప్పినప్పుడు అది ఊరికే దగ్గేది. ఇప్పుడు కొండల అవతలి పెద్ద కేంద్రం బరువు నెత్తికెత్తుకోగానే గర్జించింది. తన చేత్తో తుడిచిన ఇనుములో ఇంత ప్రాణముందా అని ఆమెకి ఒళ్ళు గగుర్పొడిచింది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

ఎంతసేపు గడిచిందో, ఫోన్లో "పెద్దది లేచింది!" అన్నారు. కిటికీ కింద ఒక వీధి వెలిగింది. దాని పక్క వీధి, ఆ పక్కది, చివరికి వాళ్ళ వీధి. ఆమె ముందు గాలి మోటారు వేసి, ఆ తర్వాతే ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా?"

ఫోనుని చెవికి అదుముకుంది. ఆక్సిజన్ మిషను గురగుర, దాని వెనకే ఒక ఊపిరి వినిపించాయి.

"ఏమిటే, నీ వెనక ఆ హోరు?"

ఆపరేటరు ఏడుస్తూ ఫోను ఇంజను వైపు తిప్పి పట్టుకుంది.

అత్తగారు ఆ హోరంతా విన్నది. తర్వాత ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగింది.

"అల్లుడుగారి గొంతు ఇంత పెద్దదా?"