పచ్చ చుక్క

మిణుకు. మిణుకు.

పుట్టతాయి మణికట్టు మీద, వాచీ అడుగున, పచ్చ చుక్క. చీకటి మెట్ల మీద మిణుగురులా... ఎక్కుతోంది.

పనివాళ్ల లిఫ్టు ఉంది. పాడై నెలయింది.

మూడు టవర్లు. తొమ్మిది ఇళ్లు. పుట్టతాయివి రెండే కాళ్లు.

వాచీ మాత్రం సుధీంద్రది.

బెంగళూరులో అతనికి లేనిది ఒక్కటే— టైము. పొద్దున మీటింగు, సాయంత్రం మీటింగు, మధ్యలో ట్రాఫిక్. కిటికీ అవతల చెరువు. గట్టంతా గులాబీరంగు పూలు రాలేవి. చూసేవాడు. వెళ్లేవాడు కాదు.

ఆఫీసు వంద రోజుల నడక పోటీ పెట్టింది. రోజుకు పదివేల అడుగులు. గెలిచినవాడికే కొత్త విభాగం పగ్గాలు అని గుసగుస.

ఆ రోజే, అంట్లు తోముతున్న పుట్టతాయి చేయి తుడిపించి వాచీ కట్టాడు.

"ఒంటికి మంచిది. పని అయ్యేదాకా తీయకు."

ఆమె కళ్లకద్దుకుంది. ధర్మస్థల గుళ్లో కట్టించుకున్న తాడు పక్కనే సర్దుకుంది.

రాత్రి చార్జింగు. పొద్దున ఆమె చెయ్యి. ఆమె ఎక్కడ తిరిగినా పచ్చ చుక్క చూసే గుండె లయ, అడుగుల అంకెలు అతని ఫోనుకు వచ్చేవి. పద్నాలుగు వేలు. పదహారు వేలు. సుధీంద్ర కుర్చీలో కూర్చునే మొదటి స్థానానికి నడిచాడు.

"ఏం గురూ, చెరువు చుట్టూ నువ్వు తిరుగుతున్నావా, నీ చుట్టూ చెరువును తిప్పుకుంటున్నావా?" అన్నాడు పక్క సీటు నాగభూషణ.

సుధీంద్ర నవ్వాడు— వాచీ లేని మణికట్టు మీద పొడుగు చేతుల చొక్కా గుండీ పెట్టుకుంటూ.

ఎనభై ఏడో రోజు ఫోను ఎర్రబడింది.

గుండె లయ తప్పుతోంది. వెంటనే డాక్టరును కలవండి.

చేయి ఛాతీ మీదకు వెళ్లింది. నొప్పి! నిజంగానే నొప్పి! మీటింగులన్నీ రద్దు. ఆ రోజు టైము దొరికింది. రోజంతా దొరికింది.

"మీ గుండెకేం, నిక్షేపంలా ఉంది," అంది డాక్టరు. ఫోను చూసి నొసలు ముడిచింది. "ఇది మీది కాదు. ఎవరిదో గానీ, ఇక మెట్లెక్కనివ్వకండి. ఇవాళే తీసుకురండి."

ఇవాళే.

బయటికొచ్చాడు. గాలి ఎంత బాగుందో! ఆకలేసింది. రెండు వెన్నదోసెలు తిన్నాడు.

పోటీ ఇంకా పదమూడు రోజులుంది.

మర్నాడు పొద్దున పుట్టతాయి గోడ పట్టుకుని నిలబడింది. చెయ్యి చాచింది.

"ఒక్క రంధ్రం బిగించండి సార్. జారిపోతోంది."

"ఆయాసమా?"

"ఈ మధ్య మెట్లు పొడుగవుతున్నాయి సార్." నవ్వింది. "ఇదుంటే దేవుడు చెయ్యి పట్టుకున్నట్టుంటుంది. మా ఆయనతో అన్నాను, నువ్వున్నావు దేనికి, మా సార్ చూడు నా ఒంటి గురించి ఎంత చూసుకుంటారో అని."

చెప్పాలి.

చెబితే ఆమె కూర్చుంటుంది. ఆమె కూర్చుంటే... అతను నడవాలి.

పదమూడు రోజులే కదా.

ఒక రంధ్రం బిగించాడు.

పదకొండు గంటలకు తెర మీద అతని ప్రసంగం. ఇంటి నుంచే. 'ఇంత పనిలో ఆరోగ్యానికి టైమెలా?' ఎదురుగా మూడు వందల ముఖాలు.

"టైము దొరకదు," అన్నాడు. "తీసుకోవాలి."

చప్పట్లు.

పక్కన ఫోను. ఆరువేల నాలుగు వందల పది. పదకొండు. పన్నెండు.

పన్నెండు.

పన్నెండు.

కూర్చుందేమో. నీళ్లు తాగుతోందేమో.

కిటికీ అవతల పూలు రాలుతున్నాయి... ఏ చప్పుడూ లేకుండా.

"ఇంకొక్క ప్రశ్న సార్, మీకు అలసట రాదా?"

"అలవాటైపోతుంది," అన్నాడు. కళ్లు ఫోను మీదే.

పన్నెండు.

ఏ టవర్లోనో, ఏ మెట్టు మీదో, చీకట్లో— పచ్చ చుక్క.

మిణుకు. మిణుకు.