శుభ్రం చేసిన గొంతు

ఫోను మోగితే ఎవరో పోయారనుకోవడం, కారు ఆలస్యమైతే ఏటిలో పడిందనుకోవడం ఒలీటా క్రాబ్‌ట్రీకి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎనభై రెండేళ్ళొచ్చినా తగ్గలేదు. అందుకే ఆ మంగళవారం పొద్దున్నే కూతురు నాడీన్ పని మానుకుని మరీ కారేసుకొచ్చేసరికి, వసారాలో బొబ్బరికాయలు ఒలుస్తున్న ముసలామె గంప పక్కకి తోసి లేచి నిలబడింది.

"ఎవరికేమైందే?"

"ఎవరికీ ఏమీ కాలేదు. అన్నయ్య చచ్చిపోయాడు, అంతే," అంది నాడీన్ నవ్వుతూ.

వంటింట్లో డెల్బర్ట్ కాఫీ జుర్రుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది. అయినా ఒలీటా వంటింటివైపు నడిచింది. తలుపు తోసి, కొడుకు వీపు కళ్ళారా చూసుకున్నాకగానీ ఊపిరి పీల్చలేదు.

"అలాంటి వేళాకోళాలాడితే నోరు పడిపోతుంది."

"నేనన్నానా? జర్మనీవాళ్ళు అచ్చేశారు. చూడు."

మొగుణ్ణి వదిలేశాక నాడీన్ మళ్ళీ పుట్టింటి పేరే పెట్టుకుని మందుల షాపులో పనిచేస్తోంది. పాత రికార్డులు పోగేసే పిచ్చి ఉన్న ఒకాయన బీపీ మాత్రలకొచ్చి, ఆమె జేబుమీద పేరు చదివి, "డెల్బర్ట్ క్రాబ్‌ట్రీ మీకేమైనా అవుతాడా? పాపం, చిన్నవయసులోనే పోయాడట" అన్నాడట. "పోలేదండీ, నిన్న కూడా మా ఇంట్లో మూడు మొక్కజొన్న రొట్టెలు తిన్నాడు" అని ఈవిడ చెప్తే ఆయన నమ్మలేదట. మర్నాడు జర్మనీలో వేసిన సీడీ తెచ్చి చూపించాడు. అది నాడీన్ బతిమాలి పట్టుకొచ్చింది.

సీడీతో పాటు చిన్న పుస్తకం. పద్నాలుగో పేజీలో ఇరవై ఏళ్ళ డెల్బర్ట్ ఫోటో, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, భుజాన గిటారు. కింద ఆరు వరుసలు. 1957లో ఒకే ఒక్క రికార్డు, రెండు పాటలు. అసలు టేపు ఎవరి గరాజులోనో దొరికితే శుభ్రం చేసి మళ్ళీ వేశారు. గిటారు ఊపుతో పాడే రాకబిల్లీ పాటల తొలినాటి గాయకుల్లో జనం పట్టించుకోకుండా వదిలేసిన గొంతు ఇది. మరుసటి ఏడు కారు ప్రమాదంలో మరణించాడు.

కారు ప్రమాదంలో పోయింది పక్క కౌంటీ కుర్రాడు లాయ్డ్ టిన్స్‌లీ. వాడూ అవే డాన్సు హాళ్ళలో పాడేవాడు. రాసినాయన ఇద్దరినీ ఒకటి చేసేశాడు. కానీ ఒలీటా ఆ వరుస రెండుసార్లు చదివింది. లాయ్డ్ పోయిన రాత్రి నుంచీ తను కళ్ళు మూసుకున్నప్పుడల్లా చూసింది కొడుకు అలా పోవడమే. ఎక్కడో దేశంకాని దేశంలో కూర్చున్నవాడికి తన పీడకల ఎలా తెలిసింది?

డెల్బర్ట్‌కి చెవులు లేవు. అంటే ఉన్నాయి, పనిచేయవు. పత్తి జిన్నింగ్ మిల్లులో ముప్ఫయ్యొక్క సీజన్లు. రంపాల చక్రాల పక్కన నిలబడితే మనిషి అరుపు మనిషికి వినబడదు. కుర్రాళ్ళు కిందపడిన దూదినే ఉండచేసి చెవుల్లో కుక్కుకుని "జీతంలో ఇదొక భాగం" అని నవ్వుకునేవాళ్ళు. నలభై అయిదు దాటేసరికి కుడిచెవి, ఏభై రెండుకి ఎడమచెవి. ఇప్పుడు ఎదురుగా నిలబడి పెదవులు ఆడిస్తే అర్థం చేసుకుంటాడు, లేకపోతే కాగితం మీద రాయాలి. వెనకనుంచి పిలిస్తే గోడని పిలిచినట్టే.

కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఆరు వరుసలూ మెల్లగా చదివాడు.

"ఫోటో మంచిదే వేశారు," అన్నాడు పెద్దగా. తన గొంతు తనకి వినబడదు కాబట్టి ఎప్పుడూ పెద్దగానే మాట్లాడతాడు. "బతికున్నప్పుడు ఇంత పెద్దది ఎవడూ వెయ్యలేదు."

నాడీన్ అతని ముందుకెళ్ళి, "ఉత్తరం రాద్దామన్నయ్యా. బతికే ఉన్నావని చెబుదాం. పిలుస్తారు, మాట్లాడతారు," అంది.

"రాయకు. చచ్చిన కుర్రాడు పాడాడంటే జనం వింటారు. మిల్లులో చెవుడొచ్చిన ముసలాడు పాడాడంటే ఎవడు వింటాడు?" పుస్తకం మూసి, మళ్ళీ అదే పేజీ తెరిచాడు. "ఇందులో గొంతు అన్నాడు చూశావా? గిటారు అనలేదు. గొంతు అన్నాడు."

అప్పటి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పాటలు పాడించుకున్న మెంఫిస్ కంపెనీవాడు రికార్డులు నాసిరకంగా కొట్టించాడు. డెల్బర్ట్ ఒకటి తెచ్చి, పశువుల కొట్టంలో ఒక్కడే కూర్చుని విని, బయటికొచ్చి, "బావిలో పడ్డవాడు అరుస్తున్నట్టుంది" అన్నాడు. తన గొంతు గురించి అతనికి తెలిసిందల్లా అదే. రేడియోలో రెండుసార్లు వేశారు, తర్వాత మర్చిపోయారు.

నాడీన్ తనతో తెచ్చిన, సీడీలు పాడించే పెట్టెలో పాట పెట్టబోయింది. ఒలీటా చటుక్కున లేచి వసారాలోకి వెళ్ళిపోయి, తలుపు వేసుకుని చెవులు మూసుకుంది. కాసేపటికి తలుపు అవతల నుంచి కొడుకు గొంతు, ఈనాటి గొంతు, వినబడింది.

"ఎలా ఉంది? నిజం చెప్పు."

"చాలా బాగుందన్నయ్యా," నాడీన్ అరుస్తోంది, అరిచినా లాభం లేదని తెలిసీ.

"నువ్వు నేను దగ్గినా బాగుందంటావు. నీకు చెవి లేదే పిల్లా. చర్చిలో నువ్వు పాడితే పాస్టర్‌గారి కుక్క లేచి వెళ్ళిపోయేది. అమ్మ చెప్పాలి."

నిజమే. ఊళ్ళోని పెంతెకోస్తు సంఘంలో నలభై ఏళ్ళు పాట నడిపించింది ఒలీటాయే. పాట విషయంలో మాత్రం ఆమెకి భయం లేదు. సంఘపెద్ద డీకన్‌గారి భార్య శ్రుతి తప్పితే, "సిస్టర్, మీరు ఈ చరణం ప్రభువుతో మనసులో చెప్పుకోండి" అని నిండు సభలో అనేసిన మనిషి. డెల్బర్ట్‌ని అయిదేళ్ళప్పుడే బల్లమీద నిలబెట్టి పాడించింది ఆమే.

కానీ ఆమె వినకూడదు. మొక్కుబడి ఉంది.

లాయ్డ్ పోయిన వారానికి మెంఫిస్ నుంచి డెల్బర్ట్‌కి కబురొచ్చింది, ఇంకో రికార్డు చేద్దాం, నెలరోజులు టెక్సాస్ వైపు తిరుగుదాం రమ్మని. ఒలీటా అన్నం నీళ్ళు మానేసి చర్చిలో బలిపీఠం ముందు నేలమీద పడుకుంది. మూడు రోజులు. సంఘంలో ఆడవాళ్ళు వంతులువేసుకుని పక్కన మోకాళ్ళూని ప్రార్థించారు. "ప్రభువా, వాణ్ణి ఆ రోడ్ల మీంచి ఇంటికి చేర్చు. ఆ పాట ఇక జన్మలో నా చెవిన పడనివ్వను. నేను మాట తప్పితే వాణ్ణి తీసుకుపో," అంది. ఆ చివరి ముక్క ఎవరూ అడగలేదు, తనే కలిపింది. భయస్తుల మొక్కుబడులు అలాగే ఉంటాయి. తాడు చాలదేమోనని మెడకి ఇంకో చుట్టు వేసుకుంటారు.

మూడోరోజు సాయంత్రం డెల్బర్ట్ వచ్చి, పెదవులు ఎండి పడున్న తల్లిని చూసి, "లే అమ్మా. నేను వెళ్ళనులే," అన్నాడు. మర్నాడే ఒలీటా మిల్లు యజమాని బ్రదర్ ప్రూయిట్ దగ్గరికెళ్ళి, ఆయన కూడా సంఘంవాడే కాబట్టి, కొడుక్కి పని ఇప్పించింది. ఇంటికి మైలు దూరం, రోడ్డెక్కే పనిలేదు. ఇంతకన్నా క్షేమమైన చోటు లోకంలో లేదనుకుంది. ఆ తర్వాత డెల్బర్ట్ చర్చిలో కూడా పెదవులాడించేవాడు తప్ప గొంతెత్తలేదు. ఆమె గమనించింది. అడగలేదు.

నాడీన్ సీడీ పెట్టె అక్కడే వదిలి వెళ్ళిపోయింది. బుధవారం డెల్బర్ట్ చొక్కా జేబులో ఆ పుస్తకం పెట్టుకుని కోళ్ళకి గింజలేశాడు, కంచె కట్టాడు. గురువారం మధ్యాహ్నం భోజనం చేసి, పళ్ళెం పక్కకి జరిపి, తల్లి ముఖంలోకి చూశాడు.

"నిన్నెప్పుడూ ఏమీ అడగలేదమ్మా. ఇదొక్కటి విను. బాగున్నానో లేదో చెప్పు. ఏదైనా ఫర్వాలేదు, తెలిస్తే చాలు."

"మొక్కుకున్నాన్రా నాయనా," అంది ఒలీటా, పెదవులు కనబడేలా మెల్లగా. "వింటే నీకు కీడు."

"నాకింకా ఏం కీడు మిగిలిందమ్మా?" అన్నాడు డెల్బర్ట్. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు.

ఒలీటా చేతులు తుడుచుకుని కూర్చుంది. మనసులో ఒక ప్రార్థన చేసుకుంది: ప్రభువా, వాడు బాగా పాడకుండా ఉండేట్టు చూడు. నలభై రెండేళ్ళ కింద పాడేసిన పాటకి ఇప్పుడు ప్రార్థనేమిటని నవ్వకండి. భయం ఉన్నవాళ్ళు వెనక్కి కూడా ప్రార్థన చేస్తారు. పాట బాగాలేకపోతే తను చేసింది తప్పు కాదు. వాడు పోగొట్టుకున్నదేమీ లేదు. అంతా ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

డెల్బర్ట్ మీట నొక్కాడు. పెట్టెమీద చిన్న ఎర్ర దీపం వెలిగింది. అతను ఎదురుగా కూర్చుని తల్లి ముఖాన్నే చూస్తున్నాడు.

ముందు పెద్ద బేసు ఫిడేలు వచ్చింది, ఎవరో తీగల్ని అరచేత్తో చరుస్తున్నారు, టక్కు టక్కుమని, చర్చిలో ఆదివారం రాత్రి చప్పట్ల లాగే. తర్వాత గిటారు. తర్వాత వాడు.

బావి లేదు. మసక లేదు. వాడు ఈ బల్లకి అవతల నిలబడి పాడుతున్నట్టుంది. కంకర రోడ్డుమీద వెళ్ళిపోయిన పిల్ల గురించి ఏవో వెర్రిమాటలు. కానీ ఆ మాటల్ని పట్టుకున్న తీరు ఒలీటా ఎరుగును. వరుస చివర గొంతుని పుల్లలా విరిచి పైకెగరేస్తున్నాడు. అది ఒలీటా తల్లి పాడే పద్ధతి. ఆవిడ పోయేనాటికి డెల్బర్ట్‌కి మూడేళ్ళు. ఎక్కడ దాచుకున్నాడో. ఒక్క స్వరం తొట్రుపడలేదు. మధ్యలో నవ్వాడు కూడా, శ్వాస తీసుకునే జాగాలో, పాట తనదేనన్న ధీమాతో. తన జీవితంలో వేల గొంతులు విని, వంద మందిని సరిదిద్ది, పదిమందిని పక్కన కూర్చోబెట్టిన ఒలీటాకి ఆ గొంతులో సరిదిద్దడానికి ఏమీ దొరకలేదు. వెతికింది. ఆశగా వెతికింది. దొరకలేదు.

పాట అయిపోయింది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. రెండో పాట మొదలవకముందే ఆమె మీట నొక్కేసింది.

ముఖం కదలనివ్వలేదు. దానికి చాలా కష్టపడింది. పెన్సిల్ తీసుకుని, పోయిన ఆదివారం చర్చిలో పంచిన ఆరాధన కాగితం వెనకాల రాసింది: ఫర్వాలేదు. మామూలుగా ఉంది. ఆ రోజుల్లో అందరూ అలాగే పాడేవాళ్ళు.

పాట గురించి ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

డెల్బర్ట్ చదివాడు. కాగితం బల్లమీద పెట్టి, తల్లి ముఖం వైపు కాదు, ఆమె కుడిచేతి వైపు చూశాడు.

"నీ చెయ్యి ఆగలేదమ్మా."

ఒలీటా కిందికి చూసుకుంది. పాట నడిపించేవాళ్ళకి కుడిచెయ్యి వాళ్ళ మాట వినదు. బల్ల అంచున తాళం వేస్తూనే ఉందట, ఆమెకి తెలియనే తెలియదు.

"పాట అయ్యాక కూడా రెండు దెబ్బలు వేసింది," అన్నాడు. "బాగాలేని పాటకి నువ్వు తాళం వెయ్యవు. అంత బాగుందన్నమాట."

ఆమె తలూపలేదు, అడ్డంగానూ ఊపలేదు. అతనికి అది చాలు.

డెల్బర్ట్ బయటికి చూశాడు. కిటికీలోంచి పొలాల అవతల మిల్లు రేకుల కప్పు మెరుస్తోంది.

"బాగాలేదనే అనుకున్నానమ్మా," అన్నాడు చివరికి, ఈసారి ఎందుకో చిన్నగానే. "మిల్లులో ప్రతి ఏడూ అదే అనుకునేవాణ్ణి. పోయిందేముంది, బావిలో గొంతేగదా అని. చెవులు పోయినప్పుడు కూడా అదే అనుకున్నా. బాగా పనికొచ్చింది ఆ మాట. ముప్ఫయ్యొక్క సీజన్లు దానిమీదే నిలబడ్డాను." సీడీ పెట్టె మూత తెరిచి, మూశాడు. "నువ్వు కాగితం మీద రాసిందే నిజమైతే బాగుండేది."

ఒలీటా కొంగులా వేలాడుతున్న ఏప్రాన్ అంచు రెండు చేతులా పట్టుకుంది. అతను అరుస్తాడేమోనని ఎదురుచూసింది. అరిస్తే బాగుండునని కూడా అనుకుంది. బలిపీఠం ముందు పడుకుని నన్నెందుకు ఆపేశావని తిడతాడేమో, ప్రూయిట్ దగ్గరికి ఎవరు వెళ్ళమన్నారని అడుగుతాడేమో. డెల్బర్ట్ లేచి, ఎంగిలి పళ్ళేలు రెండూ పోగుచేసి, సింకు దగ్గరికెళ్ళి కుళాయి తిప్పాడు. ఆమె పళ్ళెం ముందు కడిగాడు. రోజూ కడిగేది అతనే.

"డెల్బర్ట్," అంది ఒలీటా. "తప్పు నాదిరా నాయనా. నిన్ను బతికించుకుందామనుకున్నా."

నీళ్ళు పడుతున్నాయి. అతని వీపు కదలలేదు.

లేచి నాలుగడుగులేస్తే అతని ఎదుటికి వెళ్ళొచ్చు. పెదవులు కనబడేలా నిలబడి అదే మాట మళ్ళీ అనొచ్చు. పెన్సిలూ కాగితమూ చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. ఒలీటా అవన్నీ చూసింది. చూస్తూ కూర్చుంది. ఆ మాట విన్నాక వాడి ముఖం ఎలా ఉంటుందో చూడాలంటే ఆమెకి భయమేసింది.